మూడోసారి పిలిస్తే

ఇరాన్ వెళ్లడానికి మా అత్తగారు నాకు పెట్టిన షరతు ఒక్కటే. అక్కడ ఇల్లు దొరక్కపోతే, ఏ ఓడలో వెళ్లానో ఆ ఓడలోనే తిరిగి వచ్చెయ్యాలి.

యానాం ఇంకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న రోజులవి. మా ఆయన ఇరాన్ దేశంలో అబదాన్ అనే ఊళ్లో, నూనె శుద్ధి చేసే కంపెనీలో ఫిట్టరు. పెళ్లయిన ఏడాదికే వెళ్లారు. వెళ్లి మూడేళ్లు దాటింది. నెలకో ఉత్తరం వచ్చేది. అందులో పై సగం అత్తగారికి, కింది సగం మామగారికి. చివర ‘అందరినీ అడిగినట్టు చెప్పవలెను’ అన్న ముక్కలోని అందరిలో నేనొకదాన్ని.

ఆ ఏడాది ఎండలు ముదురుతుండగా ఒక ఉత్తరం నా పేరున వచ్చింది. పెళ్లాంబిడ్డలున్న పనివాళ్ల కోసం కంపెనీ కట్టించిన ఇళ్లలో ఆయనకొకటి వచ్చిందట. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో కుళాయి. అయితే లేని పెళ్లాలను ఉన్నట్టు రాయించి ఇళ్లు పట్టేసినవాళ్లు ఎక్కువైపోయారని కంపెనీవాళ్లు ఒక రూలు పెట్టారట. పెళ్లాన్ని ఇళ్ల ఆఫీసుకు తీసుకొచ్చి చూపించాలి. వచ్చే నెల పదిహేనో తారీకు ఆఖరు రోజు. అది దాటితే ఇల్లు జాబితాలో తర్వాతివాడికి పోతుంది. మళ్లీ మా వంతు రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆయనకీ తెలియదు.

ఆ ఉత్తరం నేను పొయ్యి దగ్గర కూర్చుని నాలుగుసార్లు చదివాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో కాపరం. ఉప్పుజాడీ కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అన్నది కూడా నేను చెప్పే విషయం కాదు. పెరట్లో కుళాయి, రెండు గదులు అని చదివినప్పుడు నాకు గదులు కనిపించలేదు. వంటింట్లో ఎడమచేతివైపు గూట్లో పెట్టిన ఉప్పుజాడీ కనిపించింది.

నా వెంట మా మరిది రావాలని అనుకున్నారు. నాకు దొరగారి ఆఫీసులో ఫ్రెంచి పాస్‌పోర్టు ఇచ్చారు గాని, అతని కాగితాలు సమయానికి రాలేదు. బొంబాయిలో ఓడెక్కించి రావడం వరకే అతని వల్ల అవుతుంది. ఆ పైన నేనొక్కదాన్నే వెళ్లాలి. ఆ మాట చెప్పిన రోజు అత్తగారు రోట్లో పచ్చడి నూరుతున్నారు.

“ఎదుర్లంక రేవులో పడవెక్కితేనే కళ్లు మూసుకుంటావు కదే. సముద్రం మీద తొమ్మిది రోజులు ఒక్కదానివే ఎలాగెళ్తావే?” అన్నారు.

“మూసుకునే వెళ్తానండి అత్తయ్యగారూ” అన్నాను.

ఆవిడ పొత్రం ఆపి నావైపు చూశారు. నాలుగేళ్లలో నేను ఎదురు మాట అనడం అదే మొదలు.

“నోరు కూడా మూసుకునెళ్లు మరి” అని మళ్లీ నూరడం మొదలుపెట్టారు. కాసేపటికి షరతు చెప్పారు. “ఇల్లొస్తే ఉండు. రాలేదనుకో, మగాళ్లుండే కొట్టాల్లో నా కోడలుండదు. అదే ఓడెక్కి వచ్చెయ్. ఆడి మొహం చూసేసి వచ్చెయ్.”

బయలుదేరే రోజున ఆవిడే రెండు వీశెల చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి, ఉండ కట్టి నా మూటలో పెట్టారు. ఆ దేశంలో ఏం దొరికినా దొరక్కపోయినా పులుపు లేకుండా తన కొడుకు బతకడని ఆవిడ నమ్మకం.

రైళ్లు మారి బొంబాయి చేరేవరకు నేను మరిది వెనకాల నడిచే మూటలాగే ఉన్నాను. ఓడ మెట్ల దగ్గర అతను “జాగర్త వదినా” అని నా చేతికి సామాను ఇచ్చి కిందికి దిగిపోయాడు. తాళ్లు విప్పారు. ఓడ కదిలింది. అతను రేవులో నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నేను ఏడవాలి. ఏడుపు కోసం కాసేపు చూశాను. దానికి బదులు నాకు నవ్వొచ్చింది. రేపు పొద్దున నన్ను లేపేవాళ్లు ఎవరూ లేరు. ఎంతమందికి బియ్యం పోయాలని అడగక్కర్లేదు. గాలికి నా పమిట జెండాలాగ ఎగిరిపోతుంటే సర్దుకోమని చెప్పేవాళ్లు ఆ ఓడలో ఒక్కరూ లేరు. ఓడ పైనున్న చెక్కనేల మీద చాప పరుచుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా చాలాసేపు నవ్వాను. పక్కచాప మీది ఆవిడ నాకు ఏదో బాధ వచ్చిందనుకుని వీపు రాసింది. నేను తల ఎత్తాను. నా మొహం చూసి ఆవిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది. దేనికో ఆవిడకి తెలియదు.

ఆవిడ ఇరానీ ముసలామె. బొంబాయిలో కొడుకు దగ్గర ఆరునెలలు ఉండి ఇంటికి వెళ్తోంది. మా ఓడ ఆఖరుగా ఆగే ఖుర్రంషహర్ రేవులోనే ఆవిడ ఇల్లు. తల మీంచి కాళ్లదాకా నల్లదుప్పటి, ముందు ఒక పన్ను లేదు. నేను ఆవిడను మామ్మగారనే పిలిచేదాన్ని. ఆవిడకు బొంబాయి బజారు హిందీ వచ్చు. నాకు ఆ ఓడలో ఆవిడ దగ్గర అబ్బిన ముక్కలు వచ్చు. మిగతాది చేతులతో నడిపించాం.

ఆవిడ టీ తాగే పద్ధతి నాకు తెగ నచ్చింది. చక్కెర గడ్డ టీలో వెయ్యదు. పళ్ల మధ్య బిగించి పట్టి, దాని మీంచి టీ పీలుస్తుంది. ఒక్క గడ్డతో రెండు గ్లాసులు లాగేస్తుంది. మా ఇంట్లో తొమ్మిదిమందికి ఈ పద్ధతి నేర్పితే నెలకు ఎంత చక్కెర మిగులుతుందో లెక్కవేసుకుంటూ ఒక సాయంత్రం గడిపాను. నేను పట్టిన గడ్డ మాత్రం మొదటి గుక్కకే గొంతులోకి జారిపోయేది. మామ్మగారు పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆవిడ దగ్గర ఒకే ఒక్క మాట పూర్తిగా నేర్చుకున్నాను. బెఫర్మాయిద్. ఖర్జూరాల పళ్లెం ముందుకు జరిపి బెఫర్మాయిద్ అంటే తినమని. చాప చూపించి అంటే కూర్చోమని. దారి ఇచ్చి అంటే ముందు మీరు నడవండని. ఒక్క మాటతో మర్యాదలన్నీ జరిగిపోతాయి.

మర్యాద సంగతి మా వైపు వేరు. యానాం పక్కన ఫరంపేట వెళ్లినా కనకాలపేట వెళ్లినా ఇదే పద్ధతి. భోజనానికి ఒకసారి పిలిస్తే అది గుమ్మంలోకి వచ్చినందుకు. వద్దండి అనాలి. రెండోసారి పిలిస్తే అది మొహమాటానికి. ఇప్పుడే తిన్నానండి అనాలి. మూడోసారి పిలిచారంటే నిజంగా పెడతామని. అప్పుడు కాదనడం పిలిచినవాళ్లను కొట్టినట్టే. కాళ్లు కడుక్కుని కూర్చోవలసిందే. అలాగే మనం ఏదైనా ఇవ్వబోతే అవతలివాళ్లు మూడుసార్లు వద్దన్నారంటే వాళ్లకు నిజంగా అక్కర్లేదని. ఈ లెక్క నాకు నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. ప్రపంచమంతా ఇంతేననుకున్నాను.

అందుకే మామ్మగారి ఖర్జూరాలు నేను రెండుసార్లు కాదని మూడోసారి తీసుకునేదాన్ని. అంతవరకు బాగానే ఉండేది. నా చింతపండులో కాస్త బెల్లం కలిపి ఆవిడకు పెట్టబోతే ఆవిడ మూడుసార్లు వద్దంది. సరేనని నేను మూట కట్టేశాను. ఆవిడ ఆ మూటవైపు అలా చూస్తూ ఉండిపోయింది. మర్నాడూ అంతే. మూడోరోజున ఆవిడ నా చేతిలోంచి ఉండ లాక్కుని తినేసింది. వాళ్లకు మూడుతో లెక్క తీరదని, నాలుగో ఐదో దాకా వెళ్లినా వెళ్తుందని నాకు అప్పుడు అనుమానం రావలసింది. రాలేదు.

ఒక రేవులో సరుకు దింపడానికి ఒకరోజు, నది మొగలో పోటు కోసం మరొక రోజు ఓడ ఆగిపోయింది. నేను వేళ్లమీద తారీకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి పద్నాలుగో తారీకు గురువారం పొద్దున్నే ఖుర్రంషహర్ రేవులో ఆగింది. పదిహేను అంటే శుక్రవారం. ఇంకా ఒక రోజంతా చేతిలో ఉంది. గెలిచేశాననుకున్నాను.

దిగగానే సామాను తనిఖీ. బల్ల వెనకాల పెద్ద మీసాల ఆఫీసరు. నా ముందున్న మనిషికి కాగితాలిచ్చి పంపుతుంటే ఆ మనిషి ‘మెర్సీ’ అన్నాడు. అది యానాంలో సిస్టర్ల బడిలో నేను చదివిన రెండేళ్లలో నేర్చిన ఫ్రెంచి మాట, కృతజ్ఞతలని. ఆ పక్కన కూలివాడు ఇంకొకడితో మెర్సీ అన్నాడు. అయితే ఈ ఊరు కూడా మన దొరలదేనన్నమాట, నేనొచ్చింది మా సర్కారు ఊరికే అని నిశ్చయించుకున్నాను. ఇరానీలు ఆ మాటను ఎప్పుడో అరువు తెచ్చుకుని తమ మాటలాగే వాడుకుంటున్నారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా వెన్ను నిటారయింది. ఆఫీసరు నా ఫ్రెంచి పాస్‌పోర్టు తెరిచి, ఆశ్చర్యపోయి, ఫ్రెంచిలోనే ఏదో అడిగాడు.

మేం బడిలో పొద్దున్నే లేచి నిలబడి ఒక దండం పెట్టేవాళ్లం. నాకు వచ్చిన ఫ్రెంచిలో పెద్ద ముక్క అదే. చేతులు కట్టుకుని గట్టిగా “బొంజూర్ మా సేర్” అన్నాను.

నమస్కారం సిస్టరుగారూ అని దాని అర్థం. బడిలో మాకు దండం పెట్టడానికి కన్యాస్త్రీలు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు. ఆఫీసరు కలం బల్ల మీద పెట్టాడు. మీసం దువ్వుకున్నాడు. పక్క బల్ల దగ్గరి అతన్ని పిలిచి నన్ను మళ్లీ అనమన్నాడు. నేను మళ్లీ అన్నాను. వాళ్లిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. కావలిస్తే ఇరవైదాకా అంకెలు కూడా చెబుతానని మొదలుపెట్టాను. పన్నెండు వచ్చేసరికి ముద్ర వేసి, మూట విప్పకుండానే పంపేశాడు. నా చదువు ఎందుకైనా పనికొచ్చిందంటే ఆ రోజే.

బయట మా ఆయన లేరు. గంటసేపు చూశాను. పోటు మధ్యాహ్నానికి గాని రాదని రేవువాళ్లు ఆయనకు చెప్పారట. ఓడ తెల్లవారేసరికే వచ్చేసింది. ఆ సంగతి నాకు తెలియదు. మామ్మగారి కూతురు తల్లిని తీసుకెళ్లడానికి వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. మామ్మగారు వెళ్లబోతూ నావైపు తిరిగి, మా ఇంటికి రా, భోంచేసి వెళ్లు అంది.

వద్దండి మామ్మగారూ అన్నాను. మళ్లీ పిలిచింది. మా ఆయన వస్తారండి అన్నాను. ఆవిడ గుండెమీద చెయ్యి పెట్టుకుని, బెఫర్మాయిద్ అంది.

మూడు.

మూట చంకన పెట్టుకుని వాళ్ల వెనకాల నడిచాను. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు ఏమిటో నాకు వాళ్లింటికి వెళ్లాక అర్థమైంది. పొయ్యి వెలిగించి లేదు. కూతురు నాకో గ్లాసు టీ పోసి, చేతిలో బుట్టతో వీధిలోకి పరుగెత్తింది. అక్కడ సెలవు తీసుకునేటప్పుడు ఎవరైనా ఎవరినైనా భోజనానికి పిలుస్తారట. పిలుపందుకున్నవాళ్లు పదిసార్లైనా కాదని వెళ్లిపోతారట. మామ్మగారి ఎనభై ఏళ్లలో రేవు దగ్గర పిలుపుకు మూట తీసుకుని వచ్చేసినదాన్ని నేనే మొదలు. ఆవిడ మాత్రం దుప్పటి తీసి మడిచిపెట్టి, నా పక్కన చతికిలబడి, పన్ను లేని చోటు కనిపించేలా నవ్వింది.

కూతురు బుట్టతో తిరిగి వచ్చింది. బుట్టలోంచి తీసిన చేపను చూసి నేను గ్లాసు కింద పెట్టేశాను.

పులస.

వెండిలాంటి ఒళ్లు, కింద పొట్టవెంట రంపపు పళ్లలాంటి గరుకు, ఆ వాసన. చేత్తో ఎత్తి చూశాను. సందేహం లేదు. మాకు పులస వరదనీళ్లతో వస్తుంది. ఎర్రనీళ్లు దిగేవరకు ఎవరి నోట విన్నా అదే మాట. పుస్తెలమ్మయినా తినాలంటారు. ఇక్కడ నడివేసవిలో, ఎవరో పిలవని చుట్టం వచ్చిందని, వీధి చివర ఏటిగట్టున కొనుక్కొచ్చేశారు. సముద్రంలోంచి ఏరు ఎక్కే చేప. గోదావరి ఎక్కినట్టే వాళ్ల ఏరూ ఎక్కుతుంది. ఎంతకిచ్చారని అడిగాను. కూతురు చెప్పింది. నేను నమ్మక మళ్లీ అడిగాను.

అంతలో ఆవిడ చేపను వీపు వెంట నిలువునా చీల్చి, పుస్తకంలాగ తెరిచింది. పెరట్లో నిప్పులు రాజుకుంటున్నాయి. వెల్లుల్లి, ఏవో ఆకులు నూరి పెట్టుకుంది. కాలుస్తుందట. పులసను.

“అయ్యయ్యో, ఆగండమ్మా” అని నేను తెలుగులోనే అన్నాను. ఆ స్వరం ఏ దేశంలోనైనా అర్థమవుతుంది. ఆవిడ ఆగింది.

మూట విప్పాను. చింతపండు తీశాను. దాన్ని చూసి తల్లీకూతుళ్లు సంబరపడ్డారు. వాళ్లు కాల్చే చేపలోనూ చింతపండే కూరుతారట. కానీ నేనది నానబెట్టి, పిసికి, పులుసు తీస్తుంటే వింతగా చూశారు. మట్టికుండ అడిగి తీసుకున్నాను. ఉల్లిపాయ, బెండకాయలు, నా మూటలోని కారం. చీల్చిన చేపను ముక్కలు కోసి కుండలో పేర్చి, సన్నని సెగమీద పెట్టాను. ఇక గరిటె పెట్టకూడదు. కుండనే అటూ ఇటూ తిప్పాలి. తొందరపడకూడదు. పులసకు తొందర పనికిరాదని మా అత్తగారు నన్ను ఎన్నిసార్లు తిట్టి ఉంటారో. ఆవిడ చెప్పినట్టే సెగ తగ్గించి, కొంగు దోపుకుని, పొయ్యి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. పరాయి దేశం, పరాయి ఇల్లు, ఎవరి పొయ్యో. నా అంత నిశ్చింతగా ఆ ఊళ్లో ఇంకెవరైనా ఉన్నారా అనిపించింది.

కుండ ఉడుకుతుండగా మామ్మగారు నా భర్త ఊసు తీసింది. ఆయన ఉత్తరంతో పంపిన కాగితం చూపించాను. అందులో ఇళ్ల ఆఫీసు చిరునామా, ఆఖరు తారీకు ఇంగ్లీషులోను వాళ్ల లిపిలోను రాసి ఉన్నాయి. కూతురు పైకి చదివింది. చదివి వేళ్లమీద లెక్కపెట్టింది. తల్లితో ఏదో అంది. మామ్మగారి నవ్వు పోయింది.

“రేపు జుమ్మా” అంది నాతో. “ఆఫీసు బంద్.”

నాకు అర్థం కాలేదు. శుక్రవారం ఆఫీసు ఎందుకు మూస్తారు? సెలవంటే ఆదివారం. యానాంలో దొరలకైనా, అవతల కాకినాడలో ఇంగ్లీషువాళ్లకైనా ఆదివారమే. మామ్మగారు రెండు చేతులూ మూసి తలుపు వేసినట్టు చూపించింది. రేపు మొత్తం బంద్. ఇవాళ గురువారం సగం రోజే. పన్నెండింటికి బంద్. గోడమీద గడియారం చూపించింది. పదకొండు దాటి పది నిమిషాలు.

నా కళ్లముందు ఉప్పుజాడీ మళ్లీ కుడివైపుకు వెళ్లిపోయింది. ఓడ ఇంకా రేవులోనే ఉంది. రెండు రోజుల్లో బొంబాయి తిరిగిపోతుంది. నా అంతట నేను, భోజనానికి పిలిచారని వచ్చి, చేప దగ్గర కూర్చుని ఇల్లు పోగొట్టుకున్నాను. అత్తగారికి ఏమని చెప్పాలి? నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందో తెలియలేదు.

మామ్మగారు దుప్పటి కప్పుకుంది. కూతురితో కుండ చూసుకోమంది. “గరిటె పెట్టొద్దని చెప్పండి” అన్నాను అంత తొందరలోనూ. నా చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగి, వెళ్తున్న టాక్సీకి ఎదురుగా నిలబడిపోయింది. ఆ టాక్సీవాడు ఎందుకు ఆగాడంటే ఆవిడను గుద్దకుండా ఉండడానికి.

అబదాన్ అక్కడికి దగ్గరే. దారిపొడుగునా ఖర్జూరపు చెట్లు, గొట్టాలు, ఆకాశంలో పొగ. మామ్మగారు ముందుకు వంగి టాక్సీవాడి భుజం మీద తడుతూనే ఉంది. దిగాక డబ్బులివ్వబోతే అతను గుండెమీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. మళ్లీ వద్దన్నాడు. మూడోసారి అనేలోగా మామ్మగారు నోట్లు అతని జేబులో కుక్కేసింది. ఒక్క క్షణం ఆగి ఉంటే బాగుండేది కదా అని నాకు అంత కంగారులోనూ అనిపించింది.

ఇళ్ల ఆఫీసు ఒక పొడుగాటి వసారా చివర గది. మేం వెళ్లేసరికి గుమాస్తా బయటికి వచ్చేశాడు. పాతికేళ్ల కుర్రాడు, టై కట్టుకున్నాడు. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో తాళంకప్ప. తలుపు సగం మూశాడు.

ఇద్దరూ ఎదురుపడ్డారు. మామ్మగారు ఆయాసపడుతూనే సలాం చెప్పింది. కుర్రాడు వంగి సలాం చెప్పాడు. ఆవిడ అతని ఆరోగ్యం అడిగింది. తండ్రి ఆరోగ్యం అడిగింది. తల్లిని అడిగింది. అతను ఒక్కొక్కదానికి తల వంచి జవాబు చెబుతూ, మళ్లీ ఆవిడను అవన్నీ అడిగాడు. నేను గోడమీద గడియారం వైపు చూశాను. రెండు ముళ్లూ ఇంచుమించు ఒకచోటికి వచ్చేశాయి. మామ్మగారు పక్కకు తప్పుకుని, మీరు వెళ్లండి బాబూ, మా వల్ల ఆలస్యమయింది అన్నట్టు దారి చూపించింది. పెద్దావిడ నిలబడి ఉండగా తాను ముందు నడవడమా. కుర్రాడు కూడా పక్కకు జరిగాడు. అతను జరిగింది తలుపువైపు. మర్యాదకు తలుపు ఇంకాస్త తోసి, చెయ్యి లోపలికి చాపి, బెఫర్మాయిద్ అన్నాడు.

మామ్మగారు లేదు లేదని తల ఊపింది. అతను మళ్లీ బెఫర్మాయిద్ అన్నాడు. ఆవిడ మళ్లీ లేదంది. అతను టోపీ గుండెకు ఆనించుకుని, నావైపు కూడా తిరిగి, నాక్కూడా కలిపి, బెఫర్మాయిద్ అన్నాడు.

మూడు.

నేను అతని చేతికింద నుంచి లోపలికి వెళ్లిపోయి, బల్ల ముందున్న కుర్చీలో కూర్చున్నాను.

తిరిగి చూస్తే కుర్రాడు తాళంకప్ప పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నవాడు అతనే. వచ్చి కూర్చున్నదాన్ని లేచి పొమ్మనడానికి అతనికి నోరు రాలేదు. మామ్మగారు దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఆ తర్వాత కుర్రాడి మొహంలోనూ నవ్వు మొదలయింది. ముందు ఆపుకున్నాడు. తర్వాత తాళంకప్ప బల్ల మీద పడేసి, కుర్చీలో కూలబడి, టై వదులు చేసుకున్నాడు. నేను కాగితం అతని ముందు పరిచి, నా గుండెమీద వేలు పెట్టి చూపించుకున్నాను. పెళ్లాం ఇదిగో. చూసుకోండి.

అతను జాబితా తెరిచి మా ఆయన పేరుకు ఎదురుగా గీత పెట్టేసరికి వసారాలో పరుగు వినిపించింది. గుమ్మంలో మా ఆయన. చెమటలు, ఊడిపోయిన చొక్కా గుండీ, ఒక కాలికే జోడు. మూడేళ్ల తర్వాత నేను చూసిన మొదటి చూపు అది. రేవుకు వెళ్లి, ఓడ వచ్చేసిందని తెలిసి, నల్లదుప్పటి ఆడవాళ్లు నన్ను తీసుకెళ్లారని కూలివాళ్లు చెబితే ఊరంతా వెతికి, ఒక్కరోజు గడువైనా ఇమ్మని బతిమాలడానికి వచ్చారట.

“ఎక్కడికెళ్లిపోయేవే? రేవంతా గాలించేను” అన్నారు.

“భోజనానికి పిలిచారండి.”

“పిలిస్తే?”

“మూడుసార్లు పిలిచారండి.”

ఆయన గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకున్నారు. “మూడుసార్లా” అన్నారు. కాసేపు ఆలోచించారు. “మరైతే ఎలాగ కాదంటావులే. తిన్నావా?”

“ఇంకా లేదండి. పులస పొయ్యిమీద ఉంది.”

సముద్రపు గాలికి నాకు మతి చలించిందనుకుని ఆయన నా నుదుటిమీద చెయ్యి వేసి చూశారు.

ఇంటి తాళంచెవి ఆ మధ్యాహ్నమే ఇచ్చారు. మర్నాడు శుక్రవారం. ఊరంతా సెలవు. మామ్మగారు, ఆవిడ కూతురు ఆ కుండను గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఇంట్లో చాప, ఆయన కొట్టంలోంచి తెచ్చుకున్న నాలుగు గిన్నెలు, ఒక జాడీ తప్ప సామాను లేదు. పులస పులుసు వండిన రోజు కన్నా మర్నాడే బాగుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కుండ దించకుండా, గరిటె పెట్టకుండా, రాత్రంతా నివురుమీద ఉంచారట. అన్నం వండింది నేను. ఉప్పుజాడీ ఎడమవైపు గూట్లో పెట్టాను. తింటూ మా ఆయన మూడేళ్లుగా ఈ ఊళ్లో ఉండి ఈ చేపను పులసని పోల్చుకోకుండా కాల్చుకు తిన్నానని ఒప్పుకున్నారు. ఆయనకు ఒక పూట దాకా నేను మొహం ఇచ్చి మాట్లాడలేదు.

అత్తగారికి ఉత్తరం రాశాను. నాకు వచ్చిన అక్షరాలు తక్కువ, కాగితం ఒక్కటే. ఇల్లు వచ్చింది, ఇక్కడ పులస దొరుకుతోంది, వీళ్లు కాల్చుకు తింటున్నారు అని మూడు ముక్కలు. జవాబు రావడానికి నెల దాటింది. మామగారి చేత రాయించారు. ఇంటి సంగతి ఒక్క ముక్క లేదు. ఎలా ఉన్నావని లేదు. షరతు పెట్టినావిడ ఏమంటారోనని నేను భయపడుతూ, చదవకుండానే ముందు మా ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి నవ్వు ఆపుకోలేక నాకు తిరిగి ఇచ్చేశారు.

‘పులసను నిప్పులమీద కాలుస్తారా. ఆ ఊరివాళ్లందరికీ పులుసు పెట్టడం నేర్పకుండా నువ్వు ఓడెక్కితే మా గుమ్మంలోకి రానివ్వను. చింతపండు పంపుతున్నాను.’